పేపర్ వెనక్కొచ్చింది, ఆర్టికల్స్ తప్పట: ‘ది’ ఎక్కడ పెట్టాలి, ఎక్కడ తీసేయాలి?

బోరునీళ్ళు · సోమవారం, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. నాది పీహెచ్‌డీ నాలుగో సంవత్సరం. నల్గొండ జిల్లా భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ మీద పని చేస్తున్నాను. మొదటి పేపర్ జర్నల్‌కి పంపితే మేజర్ రివిజన్ (పెద్ద మార్పులు చేసి మళ్ళీ పంపాలి) అని తిరిగొచ్చింది. సైన్సు మీద అడిగినవాటికి నా దగ్గర జవాబులున్నాయి, ఆ భయం లేదు. పేపర్‌ని పరిశీలించిన రెండో రివ్యూయర్ చివర్లో ఒక్క లైను రాశాడు: ఆర్టికల్స్ (ఎ, యాన్, ది), ప్రిపొజిషన్స్ (ఇన్, ఆన్, యాట్ లాంటివి) చాలాచోట్ల తప్పుగా ఉన్నాయి, సరిచేయండి అని. ఎక్కడెక్కడో చెప్పలేదు. నాలుగు రోజులుగా అదే టెన్షన్.

మా గైడ్‌ని అడిగితే "డౌటుంటే ‘ది’ పెట్టేయ్, సేఫ్" అన్నారు. పెట్టాను. ల్యాబ్‌లో సీనియర్ చూసి "ఉప్పెక్కువైన పప్పులా ఉంది, సగం తీసెయ్" అన్నాడు. తీసేశాను. ఏ సగం తీయాలో మాత్రం ఇద్దరూ చెప్పలేదు.

పదో తరగతి దాకా తెలుగు మీడియం నేను. మొదటిసారి చెబితే ‘ఎ’, రెండోసారి చెబితే ‘ది’ అన్న రూలు తెలుసు. రాయడానికి కూర్చుంటే అది పనిచేయడం లేదు. ఒక పేరా కింద పెడుతున్నాను. ఇక్కడి పద్ధతి ప్రకారం తెలుగు అక్షరాల్లోనే రాశాను, అంకెలు మార్చాను.

"గ్రౌండ్‌వాటర్ శాంపిల్స్ వర్ కలెక్టెడ్ ఫ్రమ్ 40 బోర్‌వెల్స్ ఆన్ మే 2022. ది ఫ్లోరైడ్ వాజ్ మెజర్డ్ బై అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్ ఇన్ 25 డిగ్రీస్. కాన్సంట్రేషన్ ఆఫ్ ఫ్లోరైడ్ వేరీడ్ బిట్వీన్ 0.6 టు 4.8 మిల్లీగ్రామ్స్ పర్ లీటర్. ది ఫిగర్ 2 షోస్ ది రిజల్ట్స్. సిమిలర్ వాల్యూస్ ఆర్ రిపోర్టెడ్ ఇన్ లిటరేచర్. ఫ్యూ విలేజెస్ హావ్ సేఫ్ వాటర్. వీ డిస్కస్ అబౌట్ దిస్ ఇన్ ది సెక్షన్ 4."

మొహమాటపడకుండా దిద్దండి.

గోలీసోడా · సోమవారం, రాత్రి 11:34

"ఆన్ మే 2022" ఏంటి తమ్ముడూ, మే నెల నెత్తినెక్కి కూర్చుని నీళ్ళు పట్టావా? సరదాకి అన్నాలే. నెలకీ సంవత్సరానికీ ‘ఇన్’, తేదీ ఉంటే ‘ఆన్’, గడియారం టైముకి ‘యాట్’. "ఇన్ మే 2022", "ఆన్ 14 మే 2022". నాకొచ్చింది ఇంతే, మిగతాది పెద్దవాళ్ళు చూసుకుంటారు.

చాక్‌పీస్ మాస్టారు · మంగళవారం, ఉదయం 6:05

బాబూ, ముప్పై ఏళ్ళు డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి. నీ పేరా చూస్తే చేతికి ఎర్ర పెన్ను మళ్ళీ వచ్చినట్టుంది.

మొదటిసారి ‘ఎ’, రెండోసారి ‘ది’ అనేది పిల్లలకు చెప్పే రూలు. సగమే నిజం. నువ్వు చూడాల్సింది ఎన్నోసారి అని కాదు, చదివేవాడి తలలో ఏముందని. ఆ మాట అనగానే "ఏది?" అన్న ప్రశ్నకు అతనికి జవాబు తెలిసిపోతే ‘ది’. "ఏదో ఒకటి" అయితే ‘ఎ’. అసలా ప్రశ్నే పుట్టకపోతే, అంటే పదార్థం పేరో మొత్తం జాతి సంగతో అయితే, ఖాళీగా వదిలెయ్.

తెలుగులో ఆర్టికల్స్ లేవు గానీ ఈ తేడా మనకు తెలియదనుకోకు. "అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ఏడుగురు కొడుకులు." రెండోసారి కూడా "ఒక రాజుకు" అంటే మూడేళ్ళ పిల్ల సైతం "ఇంకో రాజా తాతయ్యా?" అంటుంది. "పుస్తకం చదివాను" అంటే ఏదో పుస్తకం. "పుస్తకాన్ని చదివాను" అంటే మనిద్దరికీ తెలిసిన ఫలానా పుస్తకం. ఆ చిన్న ‘ని’ అక్కడ దాదాపు ‘ది’ చేసే పనే చేస్తోంది. కాబట్టి నీకు రానిది ఆలోచన కాదు, దాన్ని ఇంగ్లీషులో ఎక్కడ పెట్టాలో అన్నది.

ఇక పేరా. "ది ఫ్లోరైడ్ వాజ్ మెజర్డ్": ఫ్లోరైడ్ పదార్థం. ‘ది’ తీసెయ్. "బై అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్": ఇక్కడ మాత్రం తప్పనిసరిగా ఏదో ఒకటి కావాలి. లెక్కపెట్టగలిగే వస్తువు ఏకవచనంలో ఉంటే ఒంటరిగా గడప దాటదు. ముందు ‘ఎ’ గానీ ‘ది’ గానీ ‘దిస్’ గానీ ‘అవర్’ గానీ, ఎవరో ఒకరు తోడుండాలి. "విత్ యాన్ అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్" అని రాయి. నేను దిద్దిన కాగితాల్లో అన్నిటికంటే ఎక్కువ తగిలిన తప్పు ఇదే. ‘ది’ అనవసరంగా పెట్టినా రివ్యూయర్ క్షమిస్తాడేమో గానీ ఈ ఖాళీ వెంటనే కంట్లో పడుతుంది.

"ది ఫిగర్ 2", "ది సెక్షన్ 4": వెనక అంకె చేరగానే అది పేరైపోయింది. ఎవరి పేరు ముందూ ‘ది’ పెట్టం కదా. "ఫిగర్ 2", "సెక్షన్ 4", "టేబుల్ 1", అంతే.

"రిపోర్టెడ్ ఇన్ లిటరేచర్" దగ్గర మాత్రం గట్టిగా నవ్వాను. ‘ది’ లేకపోతే అది సాహిత్యం. నన్నయగారు ఆదిపర్వంలో ఫ్లోరైడ్ లెక్కలు రాసినట్టు! నీ రంగంలో అచ్చయిన పేపర్లు అనే అర్థం కావాలంటే "ఇన్ ది లిటరేచర్".

కాఫీ చల్లారిపోతోంది. మిగతాది తర్వాత.

చలిదేశం · మంగళవారం, మధ్యాహ్నం 1:48

మాస్టారూ, ‘ఏది’ పరీక్ష భలే ఉంది. నేను జర్మనీలో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి రీసెర్చ్). దీనికి నేను వాడే చిట్కా ఒకటి చేరుస్తాను. ‘ఆఫ్’ తర్వాత ఏముందో చూడు తమ్ముడూ. వస్తువుంటే ‘ది’: "ది కాన్సంట్రేషన్ ఆఫ్ ఫ్లోరైడ్", "ది టెంపరేచర్ ఆఫ్ ది సొల్యూషన్". అంకె ఉంటే ‘ఎ’: "ఎ కాన్సంట్రేషన్ ఆఫ్ 2 మిల్లీగ్రామ్స్ పర్ లీటర్", "యాట్ ఎ టెంపరేచర్ ఆఫ్ 25 డిగ్రీస్". నీ పేరాలో మూడో వాక్యం మొదట్లో ‘ది’ ఎగిరిపోయింది, పెట్టుకో. ఈ ఒక్క తేడా నాకు అర్థం కావడానికి పోస్ట్‌డాక్ దాకా రావాల్సొచ్చింది.

ఇంకోటి, శాస్త్రవేత్తల పేర్లు. అపాస్ట్రఫీ ఎస్ ఉంటే ‘ది’ వద్దు: "ఓమ్స్ లా", "న్యూటన్స్ సెకండ్ లా". అది లేకుండా పేరు విశేషణంలా నిలబడితే ‘ది’ కావాలి: "ది రామన్ ఎఫెక్ట్", "ది బీర్-లాంబర్ట్ లా". అందుకే "పియర్సన్స్ కోరిలేషన్ కోఎఫిషియంట్" అన్నా ఒప్పే, "ది పియర్సన్ కోరిలేషన్ కోఎఫిషియంట్" అన్నా ఒప్పే. "ది పియర్సన్స్" అంటే తలుపుకి రెండు తాళాలు.

మీ నల్గొండ పేరు మీదే మంచి ఉదాహరణ ఉంది. పటిక, సున్నం కలిపి నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతి, నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి వాళ్ళు తయారుచేసింది. అది "ది నల్గొండ టెక్నిక్". ఊరు మాత్రం ఉత్త "నల్గొండ", జిల్లా "నల్గొండ డిస్ట్రిక్ట్". నదులకు ‘ది’: "ది మూసీ", "ది కృష్ణా". చెరువులకు అక్కర్లేదు, "కొల్లేరు లేక్" అంటే చాలు. ఎందుకని నన్నడక్కండి.

ధైర్యం కోసం చెబుతున్నా: నా పక్క టేబుల్ అమ్మాయిది పోలండ్. వాళ్ళ భాషలోనూ ఆర్టికల్స్ లేవు, మనలాగే కొట్టుకుంటుంది. జర్మన్‌లో ఆర్టికల్స్ ఉన్నాయి కదా, వీళ్ళకు సులువేమో అనుకున్నాను. వీళ్ళు ‘ప్రకృతిలో’ అనడానికి "ఇన్ ది నేచర్" అని రాస్తారు! వాళ్ళ భాషలో అక్కడ ఆర్టికల్ ఉండాలి, ఇంగ్లీషులో ఉండకూడదు. ఎవరి తప్పులు వాళ్ళవి.

షార్ట్‌కట్ · మంగళవారం, మధ్యాహ్నం 2:15

ఇంత తల బద్దలు కొట్టుకోవడం ఎందుకండీ? ఏదో ఒక ఏఐ టూల్‌లో పేస్ట్ చేసి, అది చెప్పింది పెట్టేస్తే పది నిమిషాల పని. నేను థీసిస్ మొత్తం అలాగే చేశా.

రెండో డ్రాఫ్ట్ · మంగళవారం, సాయంత్రం 7:30

షార్ట్‌కట్ గారూ, నేనూ అలాగే చేసి దొరికిపోయాను. మాది పబ్లిక్ హెల్త్ సర్వే. సర్వేలో పాల్గొన్నవాళ్ళలో కొందరిని మళ్ళీ పిలిచి మాట్లాడాం. నేను రాసింది "పార్టిసిపెంట్స్ వర్ కాల్డ్ బ్యాక్". టూల్ ముందు ‘ది’ చేర్చింది. చూడ్డానికి బాగుంది, ‘యాక్సెప్ట్ ఆల్’ నొక్కేశాను. "ది పార్టిసిపెంట్స్" అంటే అందరూ. అందరినీ పిలిచామని పేపర్ చెబుతోంది, టేబుల్‌లో మాత్రం కొందరి లెక్కే ఉంది. మిగతావాళ్ళు ఏమయ్యారని రివ్యూయర్ అడిగాడు. డేటా దాచామని అనుకున్నాడేమో అని రెండు రాత్రులు నిద్ర లేదు.

తప్పు టూల్‌దని అనను. ఎంతమందిని పిలిచామో దానికెలా తెలుస్తుంది? అది నాకు మాత్రమే తెలిసిన సంగతి. "సమ్ ఆఫ్ ది పార్టిసిపెంట్స్" అని నేనే రాయాల్సింది. టూల్ ఇప్పటికీ వాడతాను, కానీ ‘ది’ చేర్చిన ప్రతిచోటా ఆగి ‘అన్నీనా, కొన్నేనా’ అని నన్ను నేను అడుగుతాను.

బోరునీళ్ళు గారూ, మీ "ఫ్యూ విలేజెస్" కూడా ఇలాంటిదే. ‘ఎ’ లేకుండా "ఫ్యూ" అంటే కొద్ది ఊళ్ళకే మంచినీళ్ళున్నాయి, దాదాపు లేవన్నట్టు. "ఎ ఫ్యూ" అంటే కొన్ని ఊళ్ళకున్నాయి. తెలుగులో ‘కే’ చేసే పని అక్కడ ‘ఎ’ లేకపోవడం చేస్తోంది. "లిటిల్ ఎవిడెన్స్", "ఎ లిటిల్ ఎవిడెన్స్" కూడా అంతే. మీ ఫలితం ఏది?

అంకెల దగ్గర ఇంకా జాగ్రత్త. "ఇంక్రీజ్డ్ టు 2" అంటే రెండుకి పెరిగింది. "ఇంక్రీజ్డ్ బై 2" అంటే ఉన్నదానికి రెండు కలిసింది. ఇది గ్రామర్ తప్పు కాదు, ఏకంగా ఫలితమే మారిపోతుంది.

బోరునీళ్ళు · మంగళవారం, రాత్రి 10:10

అక్కా, నా ఉద్దేశం ‘కొన్ని ఊళ్ళకు’ అనే. ఒక్క ‘ఎ’ మర్చిపోయి జిల్లా మొత్తం నీళ్ళు పాడుచేశానన్నమాట.

ఆర్టికల్స్ కొంచెం వెలుగులోకి వచ్చాయి. ప్రిపొజిషన్స్ సంగతేంటి? "డిస్కస్ అబౌట్" తప్పని విన్నాను. ఎందుకు తప్పో ఎవరూ చెప్పలేదు. "దాని గురించి చర్చించాం" అంటాం కదా మరి?

చాక్‌పీస్ మాస్టారు · బుధవారం, ఉదయం 5:50

నీ ప్రశ్నలోనే జవాబుంది బాబూ. చిన్నప్పుడు బట్టీ పట్టిన విభక్తులు గుర్తున్నాయా? "నిన్, నున్, లన్, కూర్చి, గురించి ద్వితీయా విభక్తి." చూడు, ‘గురించి’ ద్వితీయలో ఉంది. ద్వితీయ అంటే కర్మకు వచ్చేది. ఇంగ్లీషులో ‘డిస్కస్’ తన కర్మను నేరుగా పట్టుకుంటుంది, మధ్యలో ఎవరూ అక్కర్లేదు. నువ్వు ‘గురించి’ని ‘అబౌట్’ చేసి మధ్యలో కూర్చోబెట్టావు. "ఇన్వెస్టిగేట్ అబౌట్", "డిస్క్రైబ్ అబౌట్", "మెన్షన్ అబౌట్", అన్నీ ఇదే కుదురువి.

"చేతన్, చేన్, తోడన్, తోన్ తృతీయా." మనకు రెండూ ఒకే గంపలో ఉన్నాయి, అందుకే ‘బై’, ‘విత్’ కలిసిపోతాయి. మనిషి చేత అయితే ‘బై’, పరికరంతో అయితే ‘విత్’. ఒక పద్ధతి ద్వారా అయితే మళ్ళీ ‘బై’: "బై టైట్రేషన్". "వలనన్, కంటెన్, పట్టి పంచమీ." ‘దానికంటే మెరుగు’ అనుకుని "సుపీరియర్ దాన్" అని రాస్తాం. సుపీరియర్, ఇన్‌ఫీరియర్, ప్రయర్, వీటి వెనక ‘టు’ వస్తుంది, ‘దాన్’ రాదు.

‘నుంచి వరకు’ అయితే "ఫ్రమ్ 0.6 టు 4.8". ‘మధ్య’ అయితే "బిట్వీన్ 0.6 అండ్ 4.8". నువ్వు దీని తల, దాని తోక అతికించావు.

మరొకటి. ఒకే మాట క్రియగా ఉంటే సూటిగా వెళుతుంది, నామవాచకమైతే ప్రిపొజిషన్ అడుగుతుంది. "రెయిన్‌ఫాల్ అఫెక్ట్స్ ఫ్లోరైడ్", కానీ "ది ఎఫెక్ట్ ఆఫ్ రెయిన్‌ఫాల్ ఆన్ ఫ్లోరైడ్". "వీ ఎంఫసైజ్ దిస్", కానీ "ఎంఫసిస్ ఆన్ దిస్". మనవాళ్ళు నామవాచకం వెనకున్న ‘ఆన్’ని తెచ్చి క్రియకు తగిలిస్తారు.

చలిదేశం · బుధవారం, మధ్యాహ్నం 12:30

మాస్టారూ, గౌరవంతోనే ఒక మాట. విభక్తులతో ఇంగ్లీషు నేర్చుకుంటే కొంతదూరం వెళ్ళాక గోడ తగులుతుంది. "డిపెండెంట్ ఆన్", కానీ "ఇండిపెండెంట్ ఆఫ్". "కోరిలేటెడ్ విత్". "కన్సిస్ట్స్ ఆఫ్", కానీ "కంప్రైజెస్" వెనక ఏమీ వద్దు. దీనికి ఏ విభక్తి జవాబు చెబుతుంది? మాటనూ దాని ప్రిపొజిషన్‌నూ ఆలుమగల్లా జంటగా గుర్తుపెట్టుకోవడం తప్ప దారి లేదు.

ల్యాబ్ మాటలైతే మరీను. మనకు అన్నిటికీ ఒకే ‘లో’: చీకట్లో, ఐసులో, నైట్రోజన్‌లో, గది ఉష్ణోగ్రతలో. ఇంగ్లీషులో "ఇన్ ది డార్క్", "ఆన్ ఐస్", "అండర్ నైట్రోజన్", "యాట్ రూమ్ టెంపరేచర్". నీ "ఇన్ 25 డిగ్రీస్" కూడా "యాట్ 25 డిగ్రీస్" అవ్వాలి తమ్ముడూ.

చాక్‌పీస్ మాస్టారు · బుధవారం, మధ్యాహ్నం 3:15

ఒప్పుకుంటాను నాయనా. విభక్తి తప్పు ఎక్కడ పుట్టిందో చెబుతుంది, ఒప్పు ఏదో చెప్పదు. అందుకు డిక్షనరీ ఉంది. ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లర్నర్స్ లాంటిది తెరిస్తే మాట పక్కనే ఏ ప్రిపొజిషన్ వస్తుందో ఉంటుంది. లెక్కపెట్టేదా కాదా అని ‘సీ’, ‘యూ’ గుర్తులుంటాయి. ‘రీసెర్చ్’, ‘ఎక్విప్‌మెంట్’, ‘ఎవిడెన్స్’, ‘సాఫ్ట్‌వేర్’ పక్కన ‘యూ’ చూస్తే ఇక జన్మలో "ఎక్విప్‌మెంట్స్" అని రాయరు.

రెండో డ్రాఫ్ట్ · బుధవారం, సాయంత్రం 6:40

నేనైతే డౌటొచ్చిన ముక్కను కొటేషన్ గుర్తుల్లో పెట్టి గూగుల్ స్కాలర్‌లో వెతుకుతాను. రెండు రకాలూ వెతికితే ఏది ఎక్కువ వాడుకలో ఉందో తెలిసిపోతుంది. మనవాళ్ళ పేపర్లు కూడా అందులో ఉంటాయి కాబట్టి "కంప్రైజెస్ ఆఫ్" కూడా బోలెడు దొరుకుతుంది, అంకె ఒక్కటే చూసి మోసపోకండి. మాంచెస్టర్ యూనివర్సిటీ వాళ్ళ అకడమిక్ ఫ్రేజ్‌బ్యాంక్ ఇంకా నయం. పేపర్‌లో ఏ భాగానికి ఎలాంటి వాక్యాలు వాడతారో ఉచితంగా పెట్టారు.

గోలీసోడా · బుధవారం, సాయంత్రం 7:02

నాదీ ఒక డౌటు. "ఎ ఎక్స్‌ఆర్‌డీ ప్యాటర్న్" అని రాస్తే మా బాస్ కొట్టేశాడు. ఎక్స్ హల్లే కదా?

చలిదేశం · బుధవారం, సాయంత్రం 7:20

అక్షరాన్ని కాదన్నా, నోటితో పలికి చూడు. ‘ఎక్స్’ అనగానే ‘ఎ’ అచ్చు వచ్చింది, అందుకే "యాన్ ఎక్స్‌ఆర్‌డీ". "యాన్ ఎన్‌ఎంఆర్ స్పెక్ట్రమ్", "యాన్ 11-ఫోల్డ్". ‘యూవీ’ ‘య’తో మొదలవుతుంది, అందుకే "ఎ యూవీ ల్యాంప్".

బోరునీళ్ళు · గురువారం, రాత్రి 9:45

అందరూ చెప్పినవి పెట్టుకుని పేరా మళ్ళీ రాశాను. రివ్యూయర్ అడిగిన ఒక వాక్యం కొత్తగా చేర్చాను. చూడండి.

"గ్రౌండ్‌వాటర్ శాంపిల్స్ వర్ కలెక్టెడ్ ఫ్రమ్ 40 బోర్‌వెల్స్ ఇన్ మే 2022. ఫ్లోరైడ్ వాజ్ మెజర్డ్ విత్ యాన్ అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్ యాట్ 25 డిగ్రీస్. ది కాన్సంట్రేషన్ ఆఫ్ ఫ్లోరైడ్ వేరీడ్ ఫ్రమ్ 0.6 టు 4.8 మిల్లీగ్రామ్స్ పర్ లీటర్. మోస్ట్ ఆఫ్ శాంపిల్స్ ఎక్సీడెడ్ ఎ పర్మిసిబుల్ లిమిట్ ఆఫ్ 1.5 మిల్లీగ్రామ్స్ పర్ లీటర్. ఫిగర్ 2 షోస్ ది రిజల్ట్స్. సిమిలర్ వాల్యూస్ హావ్ బీన్ రిపోర్టెడ్ ఇన్ ది లిటరేచర్. ఎ ఫ్యూ విలేజెస్ హావ్ సేఫ్ వాటర్. వీ డిస్కస్ దిస్ ఇన్ సెక్షన్ 4."

‘ఆఫ్’ తర్వాత అంకె ఉంది కాబట్టి లిమిట్‌కి ‘ఎ’ పెట్టాను, చలిదేశం అన్నా.

చాక్‌పీస్ మాస్టారు · శుక్రవారం, ఉదయం 6:00

శభాష్. రెండే మిగిలాయి, రెండూ కొత్త వాక్యంలోనే.

"మోస్ట్ ఆఫ్" అన్నాక ‘ది’ తప్పదు: "మోస్ట్ ఆఫ్ ది శాంపిల్స్". ఎందుకంటే నీ 40 బోర్ల శాంపిల్సే, లోకంలోని శాంపిల్స్ కావు. లోకం మొత్తం గురించైతే ‘ఆఫ్’ కూడా లేకుండా "మోస్ట్ శాంపిల్స్".

రెండోది మన చలిదేశం చిట్కాకు లొంగనిది. అంకె ఉన్నా ఇక్కడ ‘ఎ’ పనికిరాదు. తాగునీటికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం ఐఎస్ 10500లో ఫ్లోరైడ్‌కు రెండు హద్దులున్నాయి: మామూలుగా లీటరుకు 1.0 మిల్లీగ్రామ్, వేరే నీటి వనరు లేకపోతే 1.5. ఆ రెండో దాని పేరే పర్మిసిబుల్ లిమిట్. అది ఒక్కటే ఉంది, నీ పేపర్ చదివేవాడికి అదేదో తెలుసు. "ది పర్మిసిబుల్ లిమిట్ ఆఫ్ 1.5". ‘ఎ’ పెడితే నీ అంతట నువ్వే ఒక హద్దు గీసుకున్నట్టు ఉంటుంది.

చలిదేశం · శుక్రవారం, మధ్యాహ్నం 1:10

ఓడిపోయాను మాస్టారూ. నా పాత పేపర్లలో ఒకదాంట్లో "ఎ డిటెక్షన్ లిమిట్" అని ఉన్నట్టు గుర్తు. ఈ రాత్రికి తెరవను.

బోరునీళ్ళు · శుక్రవారం, రాత్రి 8:25

మార్చేశాను. మిగతా పన్నెండు పేజీలు ఇదే పద్ధతిలో దిద్దుతున్నా, ఆరో పేజీలో ఉన్నాను. ఈలోగా రివ్యూయర్‌కి జవాబు లేఖ మొదలుపెట్టాను: "వీ థ్యాంక్ టు ది రివ్యూయర్ ఫర్ ది వాల్యుబుల్ కామెంట్స్." ‘రివ్యూయర్‌కి’ కదా, ‘టు’ ఒప్పేనా?

రెండో డ్రాఫ్ట్ · శుక్రవారం, రాత్రి 8:31

మన ‘కి’ మళ్ళీ దూరింది చూడండి. "థ్యాంక్స్ టు ది రివ్యూయర్" అంటే ‘టు’ కావాలి, అది నామవాచకం. "వీ థ్యాంక్" క్రియ. ఆ ‘టు’ తీసేసి పంపండి.

గోలీసోడా · శుక్రవారం, రాత్రి 8:33

ఆర్టికల్స్ సరిచేశామని చెప్పే ఉత్తరంలో మొదటి వాక్యమే తప్పుగా వెళ్ళేది తమ్ముడూ.